మబ్బుల రమ్మంటే గొడుగుతో వచ్చినోడు

మా వదిన రెబెకాకు ఒక దురలవాటు ఉంది. ఇంటికి వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడవగానే వంగి ఆ చెప్పులు చూస్తుంది. అడుగుకు అంటిన మట్టిని బట్టి రైల్వే గేటు అవతలి నుంచి వచ్చారా, సంత వైపు నుంచి వచ్చారా అన్నది అక్కడికక్కడే తేల్చేస్తుంది. సగానికి సగం తప్పే చెబుతుంది. తప్పినందుకు సిగ్గుపడదు సరికదా, చెప్పు తిరగేసి మళ్ళీ చూస్తుంది. ఈమె బాధ పడలేక చుట్టాలు చెప్పులు కడుక్కుని మరీ మా ఇంటికి వస్తున్నారని మా అన్న డేవిడ్ వేళాకోళం చేస్తాడు.

నేను ఆయన చెల్లెలు బ్లెస్సీని. కాగజ్‌నగర్ బజారులో టైపింగు, జిరాక్సు షాపు నడుపుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందనీ, ఒకరిని మెచ్చుకోవడం నాకు చేతకాదనీ తెలిసినవాళ్ళందరూ అంటారు. పైగా ఆడబిడ్డను. ఆడబిడ్డ వదినను పొగుడుతూ రాసిందంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుందని మీకు అనిపిస్తే అనుమానించండి, నాకేం అభ్యంతరం లేదు. అనుమానించే విద్య మా ఊరికి నేర్పిందే ఆమె.

వదిన ఒక ప్రైవేటు బడిలో ఆయా. గంట కొడుతుంది, చిన్నపిల్లల ముక్కులు తుడుస్తుంది, పోయిన టిఫిన్ డబ్బాలు వెతికి పెడుతుంది. పిల్లలకు మాత్రం ఆమె గంప సాయవ్వ. నెత్తిన ఆకుకూరల గంప పెట్టుకుని వాడవాడా తిరుగుతూ దొంగలనూ వేగులవాళ్ళనూ పట్టే సాయవ్వ కథలు వదిన సొంతంగా కల్పించి చెబుతుంది. సాయవ్వ అనే మనిషి ఎక్కడా లేదు. కథ చెప్పేటప్పుడు మాత్రం వదినే సాయవ్వ అయిపోయి, ‘నేను గంప ఎత్తుకొని పోతున్న, గప్పుడు ఏమైందంటే’ అని మొదలుపెడుతుంది. అందుకని మా వాడ పిల్లలు సంతలో పుంటికూర అమ్మే ఆడవాళ్ళను కూడా కాస్త భయంగా, కాస్త భక్తిగా చూస్తారు.

ఆమెది బోథ్ దగ్గర పల్లె. వాళ్ళ బాపు పత్తి పండించేవాడు. కూతురిని నిర్మల్‌లో హాస్టల్లో పెట్టి చదివించాడు. హాస్టల్ ఎదురుగా అద్దె పుస్తకాల దుకాణం ఉండేదట. అందులో పిల్లల డిటెక్టివ్ పుస్తకాలు ఒక్కటి కూడా వదలకుండా నమిలి మింగేసింది. చదువు అటకెక్కింది గానీ ఆ పిచ్చి మాత్రం దిగలేదు. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో మా అవ్వ ట్రంకు పెట్టె తాళంచెవి పోతే, వదిన పొయ్యి మీది అన్నం దించేసి మరీ వెతికింది. తాళంచెవి దొరికింది గానీ అన్నం సగం పలుకు మీదే ఉండిపోయింది.

ఆ పుస్తకాల గురించి ఆమె నాకు ఒకే ఒక్కసారి మనసు విప్పి చెప్పింది. షాపులో కరెంటు పోయి ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

“బ్లెస్సీ, ఎన్ని బుక్కులు సదివిన్నో నాకే యాది లేదు. అన్నిట్ల డిటెక్టివు ‘వచ్చాడు, వెళ్ళాడు’ అంటడు. ‘వచ్చిండు, పోయిండు’ అనెటోడు ఎవడో ఎర్కనా? వాచ్‌మన్. లేకుంటె దొంగ.”

“అయితే ఏంది? కథలే గద!” అన్నాను.

“కథలే. గని కొన్నొద్దులకు నాకు ఎట్లయిందంటే, మా బాపు లెక్క మాట్లాడెటోడు బుక్కుల కనబడంగనే, వీడే దొంగ అని నేనే అనుమానపడేదాన్ని. సగం పేజీలనే. శానసార్లు నిజమే అయ్యేది సుత.” మళ్ళీ తనే, “మా బాపు హాస్టల్‌కు వచ్చి ‘బిడ్డా, మంచిగున్నవా’ అంటే నాకు సిగ్గయ్యేది,” అంది.

నాకు ఆ పుస్తకాలు రాసినవాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది. వదినకు కోపం రాలేదు. ఆమె స్వభావంలోనే కోపం లేదు, పట్టుదల మాత్రం పుట్టెడుంది.

సాయవ్వ పుట్టింది మిల్లు మూతపడ్డాక. 2014లో మా ఊరి పేపరు మిల్లు ఆగిపోయింది. అందులో పనిచేసిన మా అన్న ఇంట్లో లోపలి గదిలో మంచం పట్టాడు. జబ్బేమీ లేదు, మాటే లేదు. పిలిస్తే పలకడు, తిన్నావా అంటే తల ఊపుతాడు. ఊళ్ళో సగం కుటుంబాల పరిస్థితి అదే. పెద్దవాళ్ళ ముఖాలు చూసి పిల్లలు ఇళ్ళలో ఉండలేక మా వాకిట్లో చేరేవాళ్ళు.

మాది మెథడిస్టు సంఘం. వదిన ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పేది. ఒక ఆదివారం పాఠంలో వేగులవాళ్ళు వచ్చారు. మిగతా లోకం గూఢచారి అనేవాడిని మా సంఘంలో పిల్లలు పాకే వయసు నుంచీ వేగు అనే అంటారు. ఒక పిల్లవాడు లేచి, “టీచర్, మన ఊరికి వేగులోడు వస్తే ఎట్ల దొరుకుతడు?” అని అడిగాడు. పాఠంలో దానికి జవాబు లేదు. “గంప సాయవ్వ పట్టుకుంటది,” అనేసింది వదిన. సాయవ్వ ఎవరని పిల్లలు పట్టుకుంటే ఇక తప్పలేదు. ఆ సాయంత్రమే మా వాకిట్లో మొదటి కథ మొదలైంది.

ఆమె కథ చెప్పే పద్ధతి వేరు. దొంగ ఎవరో చెప్పకుండా ఆపేస్తుంది. పిల్లలు వారమంతా కొట్టుకుని, తిట్టుకుని, ఆలోచించుకుని వచ్చి చెప్పాలి. “ఊకె పేరు చెప్తె నడువది. ఎట్ల తెలిసిందో చెప్పాలె,” అంటుంది. తన మీద కూడా ఒక షరతు పెట్టుకుంది. దొంగను పట్టించే గుర్తు ముందే కథలో ఉండాలి. “గుర్తు దాచిపెట్టి పిల్లగాండ్లను ఓడగొడితె, ఇగ నేనే దొంగ గద!” అనేది. పిల్లలను ఇంత గౌరవించిన పెద్దమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అన్నిట్లోకీ పేరుపడ్డ కథ వేగులోడి కథ. ఇది మీకు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దూరదేశం నుంచి ఒక వేగు కాగజ్‌నగర్ వచ్చాడు. ఇక్కడ తయారయ్యే కాగితం గుట్టు తెలుసుకోవాలని వాడి ఎత్తు. ధోతి కట్టాడు, తలకు రుమాలు చుట్టాడు, పుస్తకాలు బట్టీపట్టి తెలుగు నేర్చాడు. “మాది బోథ్ దిక్కు” అంటూ సాయవ్వ దగ్గర పుంటికూర బేరం చేసి, మిల్లు కాపలా సిద్దిరాములు ఏ వేళకు టీకి పోతాడో మెల్లగా అడిగాడు. సాయవ్వ వాడిని ఎగాదిగా చూసి, “ఇప్పుడు పనున్నది. రేపు మబ్బుల రా, అన్ని చెప్త,” అంది. మర్నాడు ఆమె గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. వాడు రాలేదు. పొద్దెక్కింది, ఎండ మండింది, వాడి జాడ లేదు. సాయంత్రం ఆకాశం నల్లబడి గాలి లేవగానే, చంకలో గొడుగు పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, “సాయవ్వా, వచ్చిన” అన్నాడు. సాయవ్వ వాడి ముఖం చూడలేదు, గొడుగు చూసింది. “సిద్దిరాములూ, వీన్ని పట్టుకో!” అని కేకేసింది.

అక్కడ ఆపి, “ఎట్ల తెలిసింది సాయవ్వకు?” అని అడిగింది వదిన. పిల్లలు చెవులు, తలలు గోక్కుంటున్నారు. అంతలో లోపలి గది నుంచి గోడలు అదిరేలా అరుపు వినపడింది.

“వాడు మబ్బులంటె మొగులనుకున్నడు! వాడు మన దిక్కోడు గాడు!”

మా అన్న. నెలల తరబడి పెదవి విప్పనివాడు. మంచం దిగి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు గొల్లుమన్నారు. జవాబు చెప్పేశాడని ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. “పెద్దమనిషివి, పిల్లల నడిమిట్ల చొరవడి చెప్తవా!” అని వదిన గయ్యిమంది. అంటున్నంతసేపూ ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ రోజు అన్న మాతోపాటు కూర్చుని అన్నం తిన్నాడు.

వేరే ప్రాంతం వాళ్ళకు ఇది తెలియకపోవచ్చు. ఆకాశంలో కమ్ముకునేదాన్ని మేము మొగులు అంటాం. మబ్బుల అంటే మాకు తెల్లవారకముందు, చీకటి ఇంకా విడవని వేళ. మబ్బుల లేచి పనికి పోయేవాడు మేఘాల్లోంచి ఊడిపడ్డవాడు కాడు. ఆ వేగు పాపం బట్టీపట్టిన పుస్తకాల్లో ఈ ముక్క లేదు. మబ్బు పట్టేదాకా రోజంతా ఆకాశం చూస్తూ కూర్చున్నాడు, పైగా తడుస్తానని గొడుగు కూడా తెచ్చుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. 2018లో మిల్లు తెరుచుకుంది, అన్న మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. వాకిట్లో పిల్లలు మారుతూ వచ్చారు, సాయవ్వ మాత్రం మారలేదు. నిరుడు నేను ఒక కథను ఫోనులో రికార్డు చేసి తెలిసిన గ్రూపులో పెట్టాను. అది చేతులు మారి మారి హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకు చేరింది. అక్కడి ఎడిటర్ కావ్య ఫోన్ చేసి సాయవ్వ కథలు పుస్తకంగా వేస్తామంది. కావ్యది గుంటూరు. మాటలో తేనె, మనసులో కల్లాకపటం లేని పిల్ల. వదిన ఆ రోజు బడి గంట రెండుసార్లు కొట్టిందట. పిల్లలు సంచులు సర్దుకుని గేటు దాకా వచ్చేశారు.

బడి అయ్యాక వదిన నా షాపుకు వచ్చి చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. మామూలుగా నా చేతులు ఎంత వేగమంటే ఎదుటివాళ్ళు తడబడతారు. ఆమె చెబుతుంటే నేనే ఆగిపోయేదాన్ని, నవ్వొచ్చి ఒకసారి, తర్వాత ఏమైందో విందామని ఒకసారి. ఉన్నది ఉన్నట్టుగా, సాయవ్వ మాటలోనే మొత్తం టైపు చేసి పంపాను.

కొన్నాళ్ళకు పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు చూడమని బొమ్మలతో సహా కంప్యూటరుకు పంపారు. వదినను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. ‘నేను ఆకుకూరల గంపను తలపై పెట్టుకుని బయలుదేరాను’ అని మొదలైంది. సాయవ్వకు బడిపంతులమ్మ మాట వచ్చేసింది. వదిన పేజీ తిప్పమంది. వేగులోడి కథకు వచ్చాం. ‘రేపు మబ్బు పట్టినప్పుడు రండి’ అంటోంది సాయవ్వ. పక్కన బొమ్మలో ఆమె నల్లని ఆకాశం వైపు చెయ్యెత్తి చూపిస్తోంది. వేగు గొడుగుతో సహా చెప్పిన వేళకే వచ్చాడు.

“చెప్పినట్టే వచ్చిండు గదనే, పాపం!” అంది వదిన.

ఇక వాడిని పట్టుకునేదెలా? గొడుగు అక్కరకు రాలేదు గనుక, వాడి జేబులోంచి గుర్తింపు కార్డు జారి కిందపడినట్టు కొత్తగా రాశారు.

“గిది పట్టుకునుడు గాదు బ్లెస్సీ, ఏరుకునుడు,” అని వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే ఆమె తర్వాతి పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. కాపలా సిద్దిరాములు ‘వచ్చిండు, పోయిండు’ అంటున్నాడు. ఇంకో కథలో మేకల దొంగ ‘నేను తియ్యలే’ అంటున్నాడు. వాళ్ళిద్దరి మాట మాత్రం మార్చలేదు. సహజంగా ఉంటుందని అలా ఉంచామని పక్కన చిన్నగా రాసి పెట్టారు కూడా.

వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. “మా బాపును మల్ల దొంగను చేసిండ్రు,” అంది.

వెంటనే కావ్యకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. దులిపేద్దామని ఊపిరి బిగబట్టుకుంటే వదిన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, మబ్బుల అంటే ఏమిటో తనే నిదానంగా చెప్పింది.

కావ్య పకపకా నవ్వేసింది. “అక్కా, నిజంగా తెలియదు. మబ్బులంటే మబ్బులే అనుకున్నాను. అయితే మీ కథలో వేగును నేనేనన్నమాట!” ఆ నవ్వుతో నా కోపం సగం చల్లారింది. ఆ తర్వాత ఆమె నిజాయితీగా ఒక మాట అడిగింది. “కానీ అక్కా, గుర్తు ముందే కథలో ఉండాలని మీరే కదా అంటారు? మా గుంటూరు పిల్లలకు ఆ మాట తెలియదు. వాళ్ళ దగ్గర మీరు గుర్తు దాచినట్టే కదా?”

వదిన బిత్తరపోయింది. కావ్య ఇంకా చెప్పింది. ఈ యాసలో పుస్తకమంతా ఉంటే వేరే జిల్లాల్లో కొనరని వాళ్ళ సంస్థ పెద్దవాళ్ళు భయపడుతున్నారట. నెలాఖరుకు అచ్చుకు వెళ్ళాలి, వదిన ఒప్పుకోకపోతే ఈమె పుస్తకం ఆపి మరొకరిది వేస్తారట. పోనీ మాటలన్నీ అలాగే ఉంచి చివర అర్థాలు ఇద్దామా అని తనే ఉపాయం చెప్పింది.

“మబ్బుల అంటే ఇదీ అని ఎనుక రాసిపెడితె, పిల్లగాండ్లు ముందుగాల అదే చూస్తరు గదమ్మా. దొంగ పేరు అట్ట మీద రాసినట్టయితది,” అంది వదిన. “నాకు జర టైమియ్యి.”

ఫోన్ పెట్టాక నేను ఒంటికాలి మీద లేచాను. “వాళ్ళతోని ఏంది నీకు? మన మాట తెల్వకపోతే నేర్సుకోమను!”

“గట్లనద్దు. ఆ పిల్ల అడిగింది న్యాయమే. తెల్వని పిల్లలను ఓడగొట్టుడు నాకు ఇష్టం లేదు. సాయవ్వ మాట మార్సుడు సుత ఇష్టం లేదు.”

ఇంట్లో అన్న ఇంకో దారి చూపాడు. “గంత పరేషాన్ ఎందుకు? ఎట్లన్న కానీ, బుక్కు మీద నీ పేరుంటది గద.”

“పేరుంటది. సాయవ్వ ఉండది,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అచ్చులో తన పేరు చూసుకోవాలని వదినకు ఎంత ఆశో అన్నకూ నాకూ తెలుసు. నిర్మల్‌లో అద్దె పుస్తకాల అట్టల మీద రచయిత పేరున్న చోట వేలు అడ్డం పెట్టి చూసుకునేదట. ఆ పుస్తకం చేజారితే మళ్ళీ ఎవరో పిలిచి వేస్తారన్న నమ్మకం లేదు.

నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. పోట్లాడి, పుస్తకం పోగొట్టుకుని, జన్మంతా చెప్పుకుని తిరిగేదాన్ని. వదిన కూర్చుని కథ బాగు చేసింది. కొన్నాళ్ళ పాటు కూరలో ఉప్పు లేదు, చారులో రెండుసార్లు ఉంది. అడిగితే, “ఆగు, సాయవ్వను ఇంక జల్ది లేపాలె,” అనేది. నాకు ఆమె మతి మీద అనుమానం వచ్చింది.

వాళ్ళ బడిలో నవ్యశ్రీ అని ఒక అమ్మాయి కొత్తగా చేరింది. నాన్నకు రైల్వేలో ఉద్యోగం, ఒంగోలు నుంచి బదిలీ అయి వచ్చారు. వదిన ఆ పిల్లను వెంటబెట్టుకుని నా షాపుకు వచ్చింది. నన్ను టైపు చేసుకోమని, పిల్లకు కథ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి కథ కొత్తగా మొదలైంది.

“నేను మబ్బుల లేసిన. కోడి ఇంకా కుయ్యలే. సుక్కలు యాడివాడ్నే ఉన్నయి. దీపం పట్టుకొని మడికి పోయి, చేతికి దొరికిన కూర దొరికినట్టు కోసిన. ఎలుగు వచ్చినంక చూస్తే సగం గడ్డే ఉన్నది.”

నవ్యశ్రీ కిలకిలా నవ్వింది. నేను టైపు చేస్తూ చేస్తూ అర్థమై వదిన వంక చూశాను. మబ్బుల అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు. చీకట్లో గడ్డి కోసిన సాయవ్వను చూసి నవ్విన పిల్లకు ఇక చెప్పాల్సిన పని లేదు. కథ వేగులోడి దాకా వచ్చింది. గొడుగు వచ్చింది. వదిన ఆపి, “ఎట్ల తెలిసింది సాయవ్వకు?” అంది.

పిల్ల జడ కొస నోట్లో పెట్టుకుని ఆలోచించింది. “వాన పడుతుందని వాడికెవరు చెప్పారు ఆంటీ? ఆవిడ చీకటితో రమ్మంటే...” అని ఆగి, కళ్ళు పెద్దవి చేసి, “వాడు పైనుండే మబ్బులనుకున్నాడు! అయ్యో, వాడు ఇక్కడివాడు కాదు!” అని స్టూలు మీద నుంచి గెంతింది.

వదిన ఆ పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. నేను టైపు చేయడం ఆపి కళ్ళు తుడుచుకున్నాను, నలక పడిందని అబద్ధం కూడా చెప్పాను.

కథలన్నీ అలాగే సరిదిద్దింది. కొత్త మాట ఎక్కడ వచ్చినా కథే దాన్ని నేర్పేలా చేసింది. పంపేటప్పుడు కావ్యకు ఫోన్ చేసి, “బిడ్డా, నువ్వడిగింది చేసిన. ఇగ గుంటూరు పిల్లలు సుత పట్టుకుంటరు. గని సాయవ్వ మాట ఒక్కటి సుత మార్సద్దు. మార్సాలె అంటే బుక్కు వద్దు. నీ మీద నాకు కోపం లేదు,” అంది. అంత ఆశపడ్డ మనిషి అంత మెత్తగా వద్దనగలదని నేను అనుకోలేదు. చెప్పడం అయ్యాక నా షాపు మెట్టు మీద చాలాసేపు కూర్చుంది.

నెలాఖరు దాటింది, కబురు లేదు. నాకు ఆశ పోయింది. వదిన రోజూ బడికి వెళ్ళింది, గంట కొట్టింది, నన్ను ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు. చివరకు కావ్యే ఫోన్ చేసింది. వాళ్ళ పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే, వాళ్ళ పిల్లలనే పిలిచి కథ చదివి వినిపించిందట. పిల్లలు గొడుగోడిని పట్టేశారు, రెండో కథ చదవమని కూర్చున్నారు. ఇక పెద్దవాళ్ళు తలొంచారు. ఆ ఎడిటర్ పిల్లను నేను తొందరపడి తిట్టబోయినందుకు నా నోరు పడిపోను.

పుస్తకం వచ్చిన ఆదివారమే శ్రీరాంపూర్ వెళ్ళాం. అక్కడ బొగ్గుబావిలో పనిచేసే మా తమ్ముడు జోయల్ దగ్గర మా అవ్వ ఉంటోంది. అవ్వంటే మాకు కన్నతల్లి. పేరు చంద్రవ్వ, చదువు రాదు. మా ఇంట్లో ఎవరం ఆమెకు పేపరు చదివినా, ప్రార్థన పుస్తకం చదివినా, ఆమెకు అర్థమయ్యేలా మా మాటలోకి మార్చుకుంటూ చదవడం అలవాటు. ఆ రోజు నేను పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు వినగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“బ్లెస్సీ, నా కోసం మార్సకు. కోడలు రాసిన బుక్కు. అండ్ల ఎట్లున్నదో గట్లనే సదువు.”

“ఉన్నట్టే సదువుతున్ననవ్వా.”

“అబద్ధాలాడకు. బుక్కులు గిట్ల మాట్లాడుతయా?” అని వదిన వైపు తిరిగింది. “రెబెకా, నువ్వు సదువు.”

వదిన పుస్తకం తీసుకుని మొదటి నుంచి చదివింది. అవే మాటలు వచ్చాయి. అవ్వ కళ్ళు చిట్లించి దగ్గరకు జరిగి, “యాడున్నది ‘లేసిన’ అని?” అంది. వదిన ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద ఆనించింది. అవ్వ వేలు అక్కడి నుంచి తియ్యలేదు.

“మరి గిన్నేండ్ల సంది గిది బుక్కులల్ల ఎందుకు రాలే?”

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. అవ్వ ఆమెను చూసి, కాళ్ళు దగ్గరకు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది.

“సరే, ముందలికి సదువు,” అంది. “దొంగెవడో నేను చెప్త.”